తెల్లకర్రకు తోడుగా మణికట్టు పట్టీ: అడ్డంకిని స్పర్శతో తెలిపే పరికరం తయారు చేసుకోవడం ఎలా?

తెల్లకర్ర నేల సంగతి చూసుకుంటుంది. మెట్టు, గుంత, మూత లేని మురుగు కాలువ, దారికి అడ్డంగా పడుకున్న కుక్క, ఇవన్నీ కర్ర కొనకు ముందే తగులుతాయి. నడుము పైన గాలిలో ఉన్నవాటి గురించి మాత్రం అది ఏమీ చెప్పలేదు. ఆగి ఉన్న లారీ వెనక తలుపు, వీధిలోకి తెరిచిన కిటికీ రెక్క, దుకాణం ముందు వేలాడే బోర్డు, వంగిన చెట్టు కొమ్మ... కర్ర వీటి కింద నుంచి వెళ్లిపోతుంది, దెబ్బ ముఖానికి తగులుతుంది.

ఆ లోటును పూడ్చడానికే స్పర్శతో సంకేతమిచ్చే పరికరాలు వచ్చాయి. ఐఐటీ ఢిల్లీలో తయారై 2014లో విడుదలైన స్మార్ట్‌కేన్ కర్ర పిడికే అమర్చుకునే పరికరం. మోకాలి పైన ఉన్న అడ్డంకులను అల్ట్రాసోనిక్ తరంగాలతో (మనిషి చెవికి అందని శబ్దంతో) పసిగట్టి పిడిని అదిరిస్తుంది. మన హైదరాబాద్ నుంచే డ్యూసెర్ టెక్నాలజీస్ ‘లేచల్’ అనే బూట్లను తెచ్చింది. ఎటు తిరగాలో పాదం కింది అదురే చెబుతుంది. ఇక్కడ మనం చేయబోయేది వీటికంటే చాలా చిన్నది. మణికట్టుకు కట్టుకునే పట్టీ, దాని మీద ఒక సెన్సర్, చర్మానికి ఆనుకుని ఒక బుల్లి మోటారు. ఖర్చు సుమారు 1,000 రూపాయలు. టంకం పెట్టడం వచ్చినవారికి రెండు సెలవు రోజుల పని.

చేసేది మీరు, కట్టుకునేది మీ ఇంట్లోనో కళాశాలలోనో ఉన్న చూపు లేని వ్యక్తి అనుకుని రాస్తున్నాను. కట్టుకునేవారే చేసుకుంటే మరీ మంచిది. ఒక్క మాట ముందే చెప్పాలి: ఇది కర్రకు తోడు మాత్రమే. కర్ర లేకుండా దీన్ని నమ్ముకుని రోడ్డు మీదికి వెళ్లకూడదు. కిందికి దిగే మెట్టును, తెరిచి ఉన్న మ్యాన్‌హోల్‌ను ఇది కనిపెట్టలేదు.

సామాను కొనే ముందు

వాడబోయే వ్యక్తితో ఒక గంట కూర్చోండి. కర్ర ఏ చేతిలో పట్టుకుంటారు? పట్టీ రెండో చేతికి కట్టాలి. ఇప్పటివరకు తలకు, భుజానికి దెబ్బలు ఎక్కడెక్కడ తగిలాయి? ఆ చేతికి గడియారం, గాజులు ఉంటాయా? ఎంత దూరం నుంచి తెలిస్తే చాలు? ఈ చివరి ప్రశ్నకు మనలాంటివాళ్లం ‘ఎంత దూరమైతే అంత మంచిది’ అనుకుంటాం. రద్దీ బజారులో 3 మీటర్ల దూరం నుంచే మొదలుపెడితే పట్టీ క్షణం ఊరుకోదు. ముందున్న మనిషి వీపు, పక్కన బండి, గోడ, అన్నిటికీ అదురుతూనే ఉంటుంది. ఎడతెగని అదురుకు చర్మం అలవాటు పడిపోతుంది, కాసేపటికి అది ఉన్నట్టే తెలియదు. నా లెక్కలో మంచి పట్టీ అంటే ఎక్కువసేపు మౌనంగా ఉండి, అవసరమైనప్పుడే మాట్లాడేది. కింద ప్రోగ్రామ్ గురించి చెప్పినదంతా ఈ ఒక్క పట్టుదలతోనే చెప్పాను.

కావలసినవి

ప్రోగ్రామ్ నింపుకుని నడిపించే చిన్న కంప్యూటర్ బోర్డు ఆర్డుయినో నానో ఒకటి, హెచ్‌సి-ఎస్ఆర్04 అల్ట్రాసోనిక్ సెన్సర్ ఒకటి, 10 మిల్లీమీటర్ల నాణెం ఆకారపు వైబ్రేషన్ మోటారు ఒకటి (రెండు మూడు కొనండి, ఎందుకో తర్వాత చెబుతాను). 2ఎన్2222 ట్రాన్సిస్టర్, 1ఎన్4007 డయోడ్, 470 ఓమ్‌ల రెసిస్టర్, 10 కిలోఓమ్‌ల రెసిస్టర్, 100 మైక్రోఫారడ్ల కెపాసిటర్. ఎస్‌డబ్ల్యూ-520డి అనే టిల్ట్ స్విచ్ (వంపును బట్టి మారే స్విచ్), నొక్కే బటన్ ఒకటి, ఆన్-ఆఫ్ స్విచ్ ఒకటి. విద్యుత్తుకు 18650 లిథియం సెల్లు, దాని హోల్డరు, రక్షణ సర్క్యూట్ ఉన్న టీపీ4056 ఛార్జింగ్ బోర్డు, వోల్టేజీ పెంచే ఎంటీ3608 బోర్డు. అంగుళంన్నర వెడల్పు సాగే పట్టీ, వెల్క్రో.

హైదరాబాద్‌లో ఉన్నవారికి కోఠి గుజరాతీ గల్లీలో ఇవన్నీ దొరుకుతాయి, చెన్నైలో అయితే రిచీ స్ట్రీట్‌లో. సెల్లు కొనేటప్పుడు జాగ్రత్త. 9,900 ఎంఏహెచ్ అని రాసి ఉన్న 18650 సెల్లులు చౌకగా అమ్ముతుంటారు. ఆ పరిమాణంలో అంత సామర్థ్యం ఉండదు. పేరున్న కంపెనీ సెల్లు 2,000 పైచిలుకు అని ఉంటే మన పనికి ధారాళంగా సరిపోతుంది.

పవర్‌బ్యాంకు ఉండగా ఈ బ్యాటరీ తంటా ఎందుకని అనిపించవచ్చు. మన పట్టీ వాడే కరెంటు చాలా తక్కువ. అంత తక్కువ వాడకాన్ని చూసి చాలా పవర్‌బ్యాంకులు ఫోను తీసేశారనుకుని వాటంతట అవే ఆగిపోతాయి. నడిరోడ్డు మీద అలా ఆగిపోతే కట్టుకున్న మనిషికి తెలిసే మార్గం లేదు.

లేజర్ సెన్సర్లు చిన్నవి, ముచ్చటగా ఉంటాయి, నిజమే. మిట్టమధ్యాహ్నం ఎండలో వాటి దూరం బాగా తగ్గిపోతుంది. అల్ట్రాసోనిక్ సెన్సర్‌కు ఎండ, చీకటి రెండూ ఒకటే. అందుకే అది.

సర్క్యూట్

అన్నిటికంటే ముందు ఎంటీ3608 బోర్డును విడిగా సెల్లుకు కలిపి, బయటికొచ్చే వోల్టేజీని మల్టీమీటరుతో చూస్తూ సరిగ్గా 5 వోల్టులకు తెచ్చుకోండి. దాని మీది చిన్న స్క్రూను చాలా చుట్లు తిప్పితే గాని మొదట్లో మార్పు కనిపించదు, పాడైందని పారేయకండి. 5 వోల్టులు కుదిరాకే నానోను కలపాలి. ఈ ఒక్క మెట్టు దాటవేస్తే బోర్డు కాలిపోతుంది.

సెల్లు నుంచి టీపీ4056కు, అక్కడి నుంచి ఆన్-ఆఫ్ స్విచ్ మీదుగా ఎంటీ3608కు, అక్కడి నుంచి నానో 5 వోల్టుల పిన్నుకు. కెపాసిటర్‌ను 5 వోల్టులకూ గ్రౌండ్‌కూ మధ్య పెట్టండి, మోటారు మొదలైనప్పుడల్లా వోల్టేజీ కుంగకుండా కాస్తుంది. సెన్సర్ ట్రిగ్గర్ కాలు (శబ్దం పంపమని చెప్పేది) నానో డి9 పిన్నుకు, ఎకో కాలు (ప్రతిధ్వని సంగతి చెప్పేది) డి10కి.

మోటారును నేరుగా నానో పిన్నుకు కలపకూడదు. నాణెం మోటారు 60 నుంచి 80 మిల్లీఆంపియర్లు లాగుతుంది, మొదలయ్యే క్షణంలో ఇంకా ఎక్కువ. నానో పిన్ను గరిష్ఠంగా భరించగలిగేది 40. అందుకని మధ్యలో ట్రాన్సిస్టర్ ఉండాలి. డి3 నుంచి 470 ఓమ్‌ల మీదుగా బేస్‌కు, ఎమిటర్ గ్రౌండ్‌కు, కలెక్టర్ మోటారు ఒక వైరుకు, మోటారు రెండో వైరు 5 వోల్టులకు. డయోడ్‌ను మోటారు వైర్ల మధ్య పెట్టండి, దాని మీది వెండి గీత 5 వోల్టుల వైపు ఉండాలి. మోటారు 3 వోల్టులదే కాబట్టి ప్రోగ్రామ్‌లో పీడబ్ల్యూఎం విలువను (మోటారుకు ఎంత బలం అందాలో చెప్పే సంఖ్యను) 255లో 150 దాటనివ్వకండి.

టిల్ట్ స్విచ్ డి4కు, బటన్ డి5కు, రెండో కాళ్లు గ్రౌండ్‌కు. ఆన్-ఆఫ్ స్విచ్ తర్వాత సెల్లు పాజిటివ్ నుంచి 10 కిలోఓమ్‌ల మీదుగా ఎ0కు ఒక వైరు లాగండి, బ్యాటరీ ఎంత ఉందో చూసుకోవడానికి.

ఇక మోటారు సంగతి. దాని నుంచి వచ్చే ఎర్ర, నీలం వైర్లు వెంట్రుకల్లా సన్నగా ఉంటాయి. మోటారు అంచును అంటిపెట్టుకున్న చోటనే తెగుతాయి, ఒకసారి తెగితే మళ్లీ టంకం పెట్టడానికి పట్టు దొరకదు. అందుకే ముందుగా మోటారును, రెండు అంగుళాల వైరును కలిపి ఒక చిన్న ప్లాస్టిక్ ముక్క మీద గ్లూగన్ జిగురుతో అతికించండి. ఆ తర్వాతే మందపాటి వైర్లు కలపండి. లాగుడు జిగురు మీద పడాలి, మోటారు అంచు మీద కాదు. అయినా తెగుతాయి. రెండు మూడు కొనమన్నది అందుకే.

ప్రోగ్రామ్: ఎప్పుడు అదరాలి, ఎప్పుడు ఊరుకోవాలి

ఈ సెన్సర్ మనకు వినపడని 40 కిలోహెర్ట్జ్ శబ్దాన్ని పంపి, ప్రతిధ్వని రావడానికి పట్టిన కాలాన్ని చెబుతుంది. ఆ మైక్రోసెకన్ల సంఖ్యను 58తో భాగిస్తే దూరం సెంటీమీటర్లలో వస్తుంది. ఎండాకాలంలో గాలి వేడికి శబ్దవేగం పెరిగి మీటరున్నరకు నాలుగైదు సెంటీమీటర్లు తేడా వస్తుంది, పట్టించుకోనక్కరలేదు.

60 మిల్లీసెకన్లకు ఒకసారి కొలవండి. అంతకంటే తొందరపెడితే పాత ప్రతిధ్వని కొత్తదానితో కలిసిపోతుంది. ప్రతిధ్వని కాలాన్ని కొలిచే ఆర్డుయినో ఫంక్షన్ పల్స్‌ఇన్ ఎదురుచూసే గడువును 15,000 మైక్రోసెకన్లుగా పెట్టండి, అది రెండున్నర మీటర్లకు సరిపోతుంది. గడువు పెట్టకపోతే ఆ ఫంక్షన్ సెకను వరకు ఆగిపోగలదు. గడువు దాటితే అది సున్నా ఇస్తుంది. ఆ సున్నాను యథాతథంగా తీసుకుంటే ‘అడ్డంకి సున్నా సెంటీమీటర్ల దూరంలో ఉంది’ అని అర్థమై, ఖాళీ మైదానంలో పట్టీ పూనకం వచ్చినట్టు అదిరిపోతుంది. సున్నా వస్తే దారి ఖాళీ అని స్పష్టంగా రాయాలి. 10 సెంటీమీటర్ల లోపు కొలతలనూ వదిలేయండి. అవి సాధారణంగా మన చేతి వేళ్లే.

చివరి మూడు కొలతలలో నడిమిదాన్ని తీసుకుంటే అడపాదడపా వచ్చే తప్పుడు కొలతల బెడద పోతుంది. దానికి పట్టే 180 మిల్లీసెకన్లలో మామూలు నడకతో మనిషి సుమారు 20 సెంటీమీటర్లు ముందుకు వెళతాడు. ఐదు కొలతలు తీసుకుంటే ఇంకా నికరంగా ఉంటుందనిపిస్తుంది గాని అప్పటికి ఆలస్యం అవుతుంది. మూడు చాలు.

దూరాన్ని నాలుగు ముక్కలు చేద్దాం. మీటరున్నర దాటితే మౌనం. మీటరున్నర నుంచి మీటరు వరకు సెకనుకు ఒక అదురు. మీటరు నుంచి అర మీటరు వరకు సెకనుకు రెండు. అర మీటరు లోపు సెకనుకు నాలుగు. ప్రతి అదురు కనీసం 100 మిల్లీసెకన్లు ఉండాలి, మోటారు వేగం అందుకోవడానికే ఆ మాత్రం కాలం పడుతుంది. అదురు బలాన్ని పెంచుతూ దూరం చెప్పే పద్ధతి కాగితం మీద బాగుంటుంది. నడుస్తున్న చేతికి 40 శాతం బలానికీ 60 శాతం బలానికీ తేడా తెలియదు. లయ మారితే వెంటనే తెలుస్తుంది. బలాన్ని ఒకేలా ఉంచి లయనే మార్చండి. ఒక ముక్క నుంచి ఇంకోదానికి మారేటప్పుడు 10 సెంటీమీటర్లు ఎడం ఉంచండి, లేకపోతే సరిహద్దు దగ్గర లయ అటూ ఇటూ ఊగుతుంది.

మౌనం కోసం రెండు ఏర్పాట్లు. దూరం మూడు సెకన్ల పాటు మారకపోతే అదరడం ఆపాలి. వరుసలో నిలబడ్డప్పుడు, బస్సులో కూర్చున్నప్పుడు ముందు ఎవరో ఉన్నారన్న సంగతి పదేపదే చెప్పనక్కరలేదు. 15 సెంటీమీటర్లు మారగానే మళ్లీ మొదలవుతుంది. రెండోది టిల్ట్ స్విచ్. చెయ్యి కిందికి వేలాడుతున్నప్పుడు సెన్సర్ నేలనే చూస్తుంది కాబట్టి ఊరికే అదురుతూ ఉంటుంది. చెయ్యి వేలాడితే పట్టీ నిద్రపోవాలి, ముంజేయి ఎత్తగానే లేవాలి. స్విచ్ లోపలి గుండ్లు నడకకు గలగలలాడతాయి. స్థితి 300 మిల్లీసెకన్లు నిలిస్తేనే నమ్మమని రాయండి.

ఇక్కడే ఒక చిక్కుంది. ఇంతగా ఊరుకునే పట్టీ ఊరుకుంటే దారి ఖాళీ అనా, బ్యాటరీ అయిపోయిందనా? చూపున్నవారికి చిన్న దీపం పెడతాం, ఇక్కడ అది కుదరదు. అందుకే ఆ బటన్. ఎప్పుడు నొక్కినా ఒక పొట్టి అదురు రావాలి, పట్టీ పని చేస్తున్నట్టు లెక్క. ఏమీ రాకపోతే కర్రనే నమ్ముకోవాలి. సెల్లు 3.4 వోల్టులకు తగ్గితే మూడు పొడుగు అదురులు ఇచ్చి, ఐదు నిమిషాలకొకసారి గుర్తు చేయమనండి. ఛార్జింగ్ పెట్టినప్పుడు స్విచ్ ఆపే ఉండాలని వాడే వ్యక్తికి చెప్పండి.

పట్టీ కుట్టడం

సెన్సర్ మణికట్టు పైభాగాన, వేళ్ల వైపు చూస్తూ ఉండాలి. మోటారు మణికట్టు లోపలి వైపు, నాడి చూసే చోట, చర్మానికి చదునుగా ఆనాలి. రెండూ ఒకదాని మీద ఒకటి ఉంటే మోటారు అదురు సెన్సర్ కొలతలను చెడగొడుతుంది.

సెన్సర్‌ను చదునుగా అతికించకండి. మోచేయి వంచి ముంజేయిని ముందుకు చాపితే అది నేలకు ఇంచుమించు ఒక మీటరు ఎత్తున ఉంటుంది. సెన్సర్‌ను 20 డిగ్రీలు పైకి ఎత్తితే మీటరున్నర దూరాన దాని చూపు సుమారు 155 సెంటీమీటర్ల ఎత్తున, అంటే ముఖం దగ్గర పడుతుంది. పిల్లలు వాడే చెరిపే రబ్బరును ఏటవాలుగా కోసి సెన్సర్ కింద పెడితే కోణమూ కుదురుతుంది, అదురునూ పీల్చుకుంటుంది. వాడే వ్యక్తి ఎత్తును బట్టి ముక్కను మార్చుకోండి. టిల్ట్ స్విచ్‌ను 45 డిగ్రీల కోణంలో అతికించి, చెయ్యి దించినప్పుడు, ఎత్తినప్పుడు దాని స్థితి మారుతోందో లేదో మల్టీమీటరుతో చూసుకోండి.

సెల్లు, ఛార్జింగ్ బోర్డులను మణికట్టు మీద పేర్చవద్దు, బరువు. మోచేతికి దిగువన రెండో పట్టీ మీద ఒక సంచీ కుట్టి అందులో పెట్టి, వైరును చొక్కా చేతి లోపల నుంచి తీసుకురండి. వెల్క్రోను ఒక్క చేత్తో పెట్టుకుని తీసుకునేలా అమర్చాలి, రెండో చేతిలో కర్ర ఉంటుంది గదా.

ఛాతీకి కట్టుకుంటే చెయ్యి ఎత్తే శ్రమ ఉండదని కొందరు అంటారు. నేను మణికట్టు వైపే ఉంటాను. 1969లో అమెరికా శాస్త్రవేత్త పాల్ బాక్-ఇ-రీటా బృందం ఒక కుర్చీ వీపుకు 400 అదురు బిందువులు అమర్చి, కెమెరా చూసిన దృశ్యాన్ని చూపు లేనివారి వీపు మీద గీసింది. కెమెరాను వేరేవాళ్లు తిప్పితే వారికి వీపు మీద గిలిగింతే తెలిసింది. తామే తిప్పుకున్నప్పుడు వస్తువు ఎదురుగా ఉన్నట్టు తోచింది. మణికట్టు పట్టీలో ఆ తిప్పుకునే వీలు ఉంటుంది. చెయ్యి కుడికి, ఎడమకు జరిపి వెతుక్కోవచ్చు.

ఇంట్లో పరీక్ష

మొదట మీరే కట్టుకుని గోడ వైపు నడవండి. లయ మూడుసార్లు మారాలి. తర్వాత రకరకాల వస్తువుల ముందు నిలబడి చూడండి. తలుపు, ఇటుక గోడ, మనిషి బాగా తెలుస్తారు. దళసరి పరదా, ఆరేసిన దుప్పటి శబ్దాన్ని పీల్చుకుంటాయి, చాలా దగ్గరికి వస్తే గాని తెలియవు. అద్దం తలుపుకు ఎదురుగా నిలిస్తే తెలుస్తుంది, ఏటవాలుగా వెళితే శబ్దం పక్కకు జారిపోయి ఏమీ లేదన్నట్టు ఊరుకుంటుంది. బట్టలారేసే తీగ తెలియదు. లారీ నుంచి బయటికి పొడుచుకొచ్చిన ఇనుప చువ్వల కొనలు కూడా అంతే, తిరిగి రావడానికి తగినంత వైశాల్యం వాటికి లేదు. ఈ జాబితాను మీరే మీ పట్టీతో తయారు చేసి, వాడే వ్యక్తికి దాచకుండా చెప్పండి. ఏది తెలియదో తెలియడం ముఖ్యం.

కళ్లకు గంతలు కట్టుకుని నాలుగడుగులు వేసి ‘బాగా పని చేస్తోంది’ అనే తీర్పు మాత్రం ఇవ్వకండి. వైర్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూడటానికి గంతలు పనికొస్తాయి. ఏళ్ల తరబడి కర్రతో తిరిగిన మనిషికి ఏది సాయం, ఏది చికాకు అన్నది ఆ మనిషే చెప్పాలి.

అలవాటు చేసుకోవడం

మొదటి రోజుల్లో నడక వద్దు. కుర్చీలో కూర్చుని, ముంజేయి ఎత్తి, ఎదురుగా మీరు ఒక అట్టముక్కను దగ్గరికి, దూరానికి జరుపుతూ లయలను గుర్తుపట్టించండి. మీరు జరిపిన తర్వాత వారిచేతనే చెయ్యి జరిపించండి. తేడా వారికే తెలుస్తుంది.

తర్వాత ఇంటి నడవలో, గోడ వెంట. గోడ వైపు చూపిన చేతిని దగ్గరికి, దూరానికి జరుపుతూ (దూరం మారకపోతే మూడు సెకన్లకు పట్టీ తనే ఊరుకుంటుంది) నడుస్తుంటే అదురు ఆగిన చోట తలుపు గుమ్మం ఉంటుంది. ఆగిపోవడం కూడా సమాచారమే అని ఇక్కడ వంటబడుతుంది. ఆ తర్వాత పెరడు లేదా అపార్ట్‌మెంట్ పార్కింగ్, స్తంభాల మధ్య. 15 డిగ్రీల వెడల్పున చూసే మన సెన్సర్ మీటరున్నర దూరాన 40 సెంటీమీటర్ల మేర చూస్తుంది కాబట్టి స్తంభం అంచులు ఎక్కడున్నాయో చెయ్యి నెమ్మదిగా తిప్పితేనే తెలుస్తాయి, విసిరినట్టు తిప్పితే దాటిపోతాయి.

వీధిలోకి వచ్చేటప్పుడు తెలిసిన దారి, రద్దీ తక్కువ వేళ, పక్కన ఒకరు. కర్ర మామూలుగా ఆడుతూ ఉండాలి. కొత్త పరికరం మోజులో కర్ర ఊపు తగ్గుతుంది, అది గమనించి గుర్తు చేయండి. ముంజేయి ఎప్పుడూ ఎత్తి ఉంచితే భుజం నొప్పి పుడుతుంది. చెట్ల కింద, దుకాణాల వరుస ముందు, ఆగి ఉన్న బండ్ల దగ్గర ఎత్తి, మిగతాచోట దించుకోవాలి. కర్రతో నడక ఇంకా కుదురుకోనివారు ముందు అది నేర్చుకోవడం మంచిది. హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి పునరావాస విభాగంలో అడగవచ్చు.

మార్పులు చేయాలనిపిస్తే

కుడి, ఎడమలు చెప్పడానికి రెండు మోటార్లు పెట్టాలన్న కోరిక చాలామందికి పుడుతుంది. వేలి కొన మీద రెండు మూడు మిల్లీమీటర్ల ఎడమున్న రెండు బిందువులను కూడా చర్మం వేరుగా గుర్తిస్తుంది, ముంజేతి మీద ఆ ఎడం సుమారు 4 సెంటీమీటర్లు ఉండాలి. మణికట్టు మీద పక్కపక్కన పెట్టిన రెండు మోటార్లు ఒకటిగానే తెలుస్తాయి. ఒకటి మణికట్టు దగ్గర, ఇంకొకటి మోచేయి దగ్గర పెట్టండి. జర్మనీలోని ఓస్నాబ్రూక్ విశ్వవిద్యాలయం వారి ఫీల్‌స్పేస్ బెల్టులో మోటార్లు నడుము చుట్టూ ఉంటాయి, ఉత్తరం ఎటు ఉంటే అటున్నది అదురుతుంది. దిక్కులు చెప్పాలంటే నడుమంత చోటు కావాలి.

వానాకాలానికి హెచ్‌సి-ఎస్ఆర్04 పనికిరాదు, దాని రెండు జాలీల్లోకి నీరు దిగుతుంది. జేఎస్ఎన్-ఎస్ఆర్04టీ అనే నీరు చొరని రకం దొరుకుతుంది. కాళ్ల అమరిక అదే, వైర్లు మార్చనక్కరలేదు. అది 20, 25 సెంటీమీటర్ల లోపు ఉన్నవాటిని కొలవలేదు. ప్రోగ్రామ్‌లో 10 సెంటీమీటర్ల హద్దును 25కు మార్చండి. నానో, ట్రాన్సిస్టర్‌లను చిన్న ప్లాస్టిక్ డబ్బీలో పెట్టి, వైరు బయటికొచ్చే రంధ్రాన్ని జిగురుతో మూసేయండి. పట్టీ బట్ట చెమటకు వారానికే వాసన పడుతుంది కాబట్టి మోటారును, సెన్సర్‌ను వెల్క్రోతోనే అంటించండి, విప్పి ఉతుక్కోవచ్చు.